పాత తెలుగు పుస్తకాల్లో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తున్నారో పట్టుకోవడం ఎలా

పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు "రావే ఈశ్వర, కావవే వరద" అని మొరపెట్టుకుంటాడు. ఇప్పటి చెవికి 'రావే' అంటే చెల్లెల్నో స్నేహితురాలినో పిలిచినట్టు వినిపిస్తుంది, దేవుణ్ణి అలా పిలవడమేంటని కొత్తగా చదివేవాళ్లు అడుగుతూనే ఉంటారు. అడగడంలో తప్పేం లేదు, మనం రోజూ మాట్లాడే తెలుగులో నువ్వా మీరా, వాడా ఆయనా అన్న దగ్గరే సంబంధాలు తేలిపోతాయి కదా. కానీ ఆ కొలత తీసుకెళ్లి పాత సాహిత్యం మీద పెడితే భక్తుడు పొగరుబోతులా, శిష్యుడు గురువుని లెక్కచేయనివాడిలా కనిపిస్తారు.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది: ఏ పుస్తకం తీసుకున్నా అందులో మామూలు పిలుపు ఏదో ముందు పట్టుకోండి, తర్వాత అది ఎక్కడ మారిందో చూడండి. ప్రేమ, కోపం, దూరం అన్నీ ఆ మారిన చోటే దొరుకుతాయి. ఒక పెన్సిలు, ఒక కాగితం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

1. ముందు అది ఏ రకం పుస్తకమో తేల్చుకోండి

'పాత తెలుగు' అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. నన్నయది 11వ శతాబ్దం, వాడుక భాషలో రాసిన గురజాడ కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో వచ్చింది. మధ్యలో దాదాపు తొమ్మిది వందల ఏళ్లున్నాయి, పిలుపుల పద్ధతి అంతకాలం ఒకేలా ఎందుకుంటుంది?

పద్యకావ్యం అయితే ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు చాలావరకు 'నీవు' వస్తుంది, ఎదుట ఉన్నది రాజైనా, ముని అయినా, దేవుడైనా సరే. శతకాలు, కీర్తనలు కూడా అంతే, పైగా వాటిలో చనువు ఎక్కువ. 1853 నాటి నీతిచంద్రిక, 1880లో పుస్తకంగా వచ్చిన రాజశేఖర చరిత్రము లాంటి గ్రాంథిక వచనంలో ఇంట్లో మాట కూడా పుస్తకం మాటలాగే ఉంటుంది, అంటే ఆ కాలపు మనుషులు నోటితో అచ్చంగా అలాగే పిలుచుకున్నారని అనుకోకూడదు. కన్యాశుల్కం లాంటి నాటకానికి వచ్చేసరికి సంగతి మారిపోతుంది, గిరీశం వెంకటేశాన్ని 'మై డియర్' అంటే ఆ రెండు మాటల్లోనే అతని చదువు, ఫ్యాషను, పిల్లాడి మీద వేసే గాలం అన్నీ వినిపిస్తాయి. అలాంటి చోట ప్రతి పిలుపూ పట్టించుకోవాలి.

2. మర్యాద కోసం 'మీరు' దగ్గర వెతకకండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మనకి మర్యాద అంటే బహువచనం: మీరు, రండి, కూర్చోండి. పద్యకావ్యాల్లో మర్యాద చూపించే దారులు వేరు. ఒకటి, ఎంచుకున్న సంబోధన: దేవా, మహాత్మా, మునీంద్రా, నరేంద్రా. రెండోది, క్రియ. పెద్దవాళ్లు 'చెప్పరు', ఆనతిస్తారు. 'రారు', విచ్చేస్తారు, వేంచేస్తారు. 'వినరు', అవధరిస్తారు, చిత్తగిస్తారు. మూడోది, మాట్లాడేవాడు తనని తాను తగ్గించుకోవడం: నేను 'చెప్తాను' అనడు, విన్నవిస్తాను, మనవి చేస్తాను అంటాడు, దాసుడను అంటాడు.

అందుకే 'నీవు ఆనతిచ్చితివి' అని కనిపిస్తే 'నీవు' చూసి ఏకవచనం, మర్యాద లేదు అనుకోకండి, 'ఆనతిచ్చు' చూడండి. వాక్యం నిండా గౌరవమే. పెన్సిలుతో సర్వనామం కింద కాకుండా క్రియ కింద గీత పెట్టే అలవాటు చేసుకుంటే సగం తికమక అక్కడే పోతుంది.

భార్యాభర్తల మాటల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కావ్యాల్లో భార్య నాథా, వల్లభా, ప్రాణేశ్వరా అంటూనే క్రియ దగ్గర 'నీవు' వాడుతుంది, ఇద్దరికీ అదే సర్వనామం. తర్వాతి కాలపు వచనంలో, నాటకాల్లో చాలాచోట్ల భార్య 'మీరు' అంటుంటే భర్త 'నీవు', 'ఏమే', 'ఒసే' అంటుంటాడు, పేరు పెట్టి పిలిచే హక్కు కూడా ఒకవైపే ఉంటుంది. వెనక్కి వెళ్లేకొద్దీ అన్నీ మరింత కఠినంగా ఉంటాయని ముందే అనుకుని చదవకండి, ఈ ఒక్క విషయంలో పుస్తకాలు వేరే మాట చెప్తున్నాయి.

3. ఎవరితో మాట్లాడుతున్నారో క్రియ చివర చదవండి

పాత తెలుగులో సర్వనామం చెప్పకుండా వదిలేయడం మామూలే. వదిలేసినా క్రియ చివర అది ఉంటుంది. వచ్చితిని అంటే నేను, వచ్చితివి అంటే నీవు, వచ్చితిమి అంటే మేము, వచ్చితిరి అంటే మీరు, వచ్చిరి అంటే వారు. జరగబోయే దానికి వచ్చెదను, వచ్చెదవు, వచ్చెదము, వచ్చెదరు. ఈ చివరిది మీరుకీ వారికీ ఒకటే కాబట్టి అక్కడ చుట్టూ ఉన్న మాట చూసి తేల్చుకోవాలి.

క్రియ లేని వాక్యంలో కూడా ఈ గుర్తు ఉంటుంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. బలి చక్రవర్తి వామనుణ్ణి "వడుగా! ఎవ్వరివాడవు? ఎవ్వడవు?" అని అడుగుతాడు. 'ఎవ్వడు' కాదు, 'ఎవ్వడవు', అంటే 'నువ్వు ఎవరివి'. అలాగే నేను సేవకుడను, నీవు పండితుడవు, మేము నీవారము. పేరు చివర ను, వు, ము కనబడితే అక్కడ మాట్లాడేవాడో వినేవాడో దాగి ఉన్నాడన్నమాట.

ఇక్కడ ఒక పెద్ద వల ఉంది. వినుము, చేయుము అంటే ఒక్కరికి చెప్పడం. వినుడు, చేయుడు అంటే పలువురికి చెప్పడం, అంటే వినండి, చేయండి. ఆ 'డు' చూసి రాముడు, భీముడు లాగా ఎవరో మగవాడి పేరు అనుకుని వాక్యం అంతా తిరగేసేవాళ్లు ఉన్నారు. చేయకుము, చేయకుడు కూడా ఇంతే.

సర్వనామాల్లో ఏను అంటే నేను, ఏము అంటే మేము, ఈవు అంటే నీవు, ఈరు అంటే మీరు. 'ఈవు' అనేది 'ఇవ్వవు' అనే అర్థంలో కూడా వస్తుంది కాబట్టి వాక్యంలో వేరే క్రియ ఉందో లేదో చూసుకోండి.

4. 'ఏ', 'రా', 'ఓరి', 'ఓసి'ల దగ్గర తొందరపడకండి

మొదట్లో చెప్పిన 'రావే' సంగతి. అక్కడున్న 'ఏ' ఆడవాళ్లని పిలిచే 'ఏ' కాదు. పాత తెలుగులో ఈ 'ఏ' బతిమాలడానికి, నొక్కి చెప్పడానికి, ప్రశ్న వేయడానికి వస్తుంది. భాగవతంలోనే బలి తన గురువుతో "కారే రాజులు" అన్నప్పుడు అది 'రాజులు కారా, ఇంతకుముందు ఎంతమంది లేరు' అనే ప్రశ్న. హిరణ్యకశిపుడు స్తంభం చూపించి "చూపగలవే" అంటే 'చూపగలవా' అని. ప్రహ్లాదుడు "వింటే" అన్నది 'విన్నట్లయితే' కాదు, 'విన్నావా' అని. ఈ మూడూ ఒకసారి పైకి చదువుకోండి, గజేంద్రుడి 'రావే'లో ఉన్న ఆర్తి తర్వాత దానంతట అదే తెలుస్తుంది.

మరి ఆడవాళ్లని పిలిచే 'ఏ' ఎప్పుడు? పక్కన చెలీ, సఖీ, అమ్మా లాంటి పిలుపు ఉంటే, లేదా మాట్లాడుకుంటున్నది ఇద్దరు స్త్రీలని అప్పటికే తెలిస్తే. పక్కన ఆధారం లేకుండా 'ఏ' ఒక్కదాన్నే నమ్మకండి.

'రా' సంగతి కొంచెం వేరు. త్యాగరాజు "మరుగేలరా ఓ రాఘవా" అన్నప్పుడు అది ఇప్పటి 'రా'కి దగ్గరదే, నిజమైన చనువే. అమ్మ పిల్లాణ్ణి, స్నేహితుడు స్నేహితుణ్ణి పిలిచే 'రా'తో దేవుణ్ణి పిలుస్తున్నాడు. దాన్ని గౌరవంగా మార్చి అర్థం చెప్పాలని చూడొద్దు, ఆ చనువు కోసమే ఆ మాట ఉంది. వేమన పద్యాల చివర "వినుర వేమ" కూడా 'వినరా వేమా' అనే. తనని తాను పిలుచుకున్నట్టు ఉన్న మాట అది, చదివేవాణ్ణి 'రా' అనడం కాదు.

బళ్లో సంబోధనా ప్రథమా విభక్తి అని ఓ, ఓయి, ఓరి, ఓసి అని వల్లెవేసి ఉంటారు. ఆ నాలుగూ కేవలం వ్యాకరణం కాదు, మెట్లు. 'ఓ' ఎవరికైనా సరిపోతుంది. 'ఓయి' సమానుడికో చిన్నవాడికో. 'ఓరి' మగవాడి మీద చనువు, కోపం, చిన్నచూపు, వీటిలో ఏదైనా కావచ్చు. 'ఓసి' ఆడవాళ్లకి అలాగే. 'ఓరి', 'ఓసి' కనబడిన ప్రతి చోటా పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి, అక్కడ మనసు ఏదో ఒకవైపు ఒరిగి ఉంటుంది.

5. పద్యంలో దాక్కున్న పిలుపుని బయటికి లాగండి

పద్యంలో సంధులు కలిసిపోయి పిలుపు ఎక్కడో మధ్యలో ఉంటుంది. పాత ముద్రణల్లో కామాలు, ఆశ్చర్యార్థకాలు కూడా ఉండవు. పట్టుకునే పద్ధతి ఇది: ముందు క్రియ చూడండి, దాని కర్త ఎవరు, కర్మ ఏది అని తీసేయండి, ఇంకా ఎక్కడా ఇమడని పేరు ఒకటి మిగిలితే అది పిలుపే.

"లేమా! దనుజుల గెలువగ లేమా" అని కృష్ణుడు సత్యభామతో అంటాడు. మొదటి 'లేమా' అంటే 'ఓ స్త్రీ', రెండోది 'గెలవలేమా' అనే ప్రశ్న. ఒకే రూపం, రెండు పనులు. తర్వాత "నీవేల కడగి లేచితివి" అని వస్తుంది కదా, ఆ 'లేచితివి' చూడగానే ఎదుట ఒక మనిషి ఉందని, మొదటి 'లేమా' ఆమెనే పిలిచిందని ఖాయమైపోతుంది. ఇంతీ, నాతీ, పొలతీ, తరుణీ, వెలదీ, ఇవన్నీ కూడా ఇలాంటివే. వీటిలో ఏది వాడాలన్నది చాలాసార్లు యతి ప్రాసలే తేలుస్తాయి, కాబట్టి 'పొలతీ' అన్నాడు కాబట్టి ఇక్కడ ఇంకో భావం ఉంది అని మరీ లోతుకి తవ్వకండి.

ఇంకో చిక్కు: కథ మధ్యలో ఉన్నట్టుండి 'నరేంద్రా', 'మహీశా' అని వస్తుంది, ఆ సన్నివేశంలో చూస్తే రాజే ఉండడు. అది కథలో పాత్ర మాట కాదు, కథ చెప్పేవాడి మాట. భాగవతంలో శుకుడు పరీక్షిత్తుకి చెప్తున్నాడు, ఆ సంభాషణని సూతుడు శౌనకాది మునులకి చెప్తున్నాడు. భారతంలో వైశంపాయనుడు జనమేజయుడికి చెప్తున్నాడు. ఇది కాకుండా ప్రతి ఆశ్వాసం (అధ్యాయం) మొదట్లో, చివర్లో కవి తన కృతిభర్తని, అంటే కావ్యం అంకితం పుచ్చుకున్నవాణ్ణి, పిలుస్తాడు: పెద్దన మనుచరిత్రలో కృష్ణదేవరాయల్ని, తిక్కన భారతంలో హరిహరనాథుణ్ణి. చదవడం మొదలుపెట్టకముందే కాగితం మీద ఈ వరసలు రాసుకోండి: కవి ఎవరికి చెప్తున్నాడు, కథకుడు ఎవరికి చెప్తున్నాడు, పాత్ర ఎవరితో మాట్లాడుతోంది. ఏ పిలుపు ఏ వరసదో తెలిస్తే కథ ఎక్కడా తెగినట్టు అనిపించదు.

ఒకే మనిషికి పది పేర్లుండటం కూడా తికమక పెడుతుంది. పార్థా, కౌంతేయా, ధనంజయా ముగ్గురూ అర్జునుడే. జానకి, వైదేహి, మైథిలి ఒక్క సీతే. బలి కథలో భార్గవా అంటే అతని గురువైన శుక్రుడు. తల్లి పేరుతోనో, తండ్రి పేరుతోనో, వంశం పేరుతోనో పిలవడం గౌరవంగా పిలవడమే. తెలియని పిలుపు వస్తే బ్రౌన్ నిఘంటువులోనో శబ్దరత్నాకరంలోనో చూడండి, ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు.

6. చుట్టరికం మాటల్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోకండి

నాయనా, తండ్రీ అని కొడుకుని పిలుస్తారు, అమ్మా, తల్లీ అని కూతుర్ని పిలుస్తారు, ఇప్పటికీ పిలుస్తున్నాం. కాబట్టి 'తండ్రీ' అన్న ఒక్క మాట చూసి మాట్లాడేది కొడుకని ఖాయం చేయకండి. 'బావా' అయితే మరీ చూసుకోవాలి. తిరుపతి వేంకట కవుల నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి "బావా! ఎప్పుడు వచ్చితీవు" అని పలకరిస్తాడు. వరస నిజమే, కుశలప్రశ్నలూ నిండుగానే ఉన్నాయి, కానీ వచ్చింది యుద్ధంలో సాయం అడగడానికని ఇద్దరికీ తెలుసు. చుట్టరికం పిలుపు రాజకీయం నడుపుతున్న చోటు అది.

7. వాడు, ఆమె, అది: వెనక మాట్లాడే మాటలు

పద్యాల్లో 'వాడు' తక్కువ మాట కాదు. పోతన గజేంద్రుడు "ఎవ్వనిచే జనించు" అని మొదలుపెట్టి, సృష్టి అంతా ఎవడిలో ఉందో "వాని" శరణు వేడుతున్నానంటాడు. అలాగే స్త్రీకి 'వచ్చెను' అని, చెట్టుకి 'పడెను' అని ఒకే రూపం వాడటం తెలుగు వ్యాకరణం పద్ధతి, కించపరచడం కాదు, బహువచనానికి వస్తే స్త్రీలు కూడా 'వచ్చిరి' అనే. వాడుక భాష నాటకాల్లో మాత్రం 'అది', 'వాడు' అన్నచోట ఆగండి. అక్కడ కులం, డబ్బు, వయసు అన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి.

దీని గురించి సూటిగా చెప్పాలి. పాత వచనంలో, నాటకాల్లో పనివాళ్లు 'చిత్తం', 'బాబూ', 'దొరా', 'అయ్యగారూ' అంటుంటే అవతలి నుంచి 'ఒరే' వస్తుంది, వయసులో ఎంత పెద్దవాడైనా సరే. చదివి వినిపించేటప్పుడు కొందరు దీన్ని మెత్తబరిచి చదువుతారు. అలా చేయకండి. ఎవరికి 'గారు' దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఆ పుస్తకం మనకి ఇస్తున్న సాక్ష్యం.

8. పట్టిక వేసి, మారిన చోట ఆగండి

కాగితం మీద ఎడమవైపు పిలిచేవాళ్లు, పైన పిలిపించుకునేవాళ్లు, గడుల్లో పిలుపులు రాయండి, ప్రతి పిలుపూ అక్కర్లేదు, మొదటిసారి వచ్చినప్పుడు రాసి, మారినప్పుడల్లా పక్కన చేర్చండి.

ప్రహ్లాదుడి గడి చూడండి. గురువులు చదివించారు, చదువుల్లో మర్మమంతా చదివాను అని చెప్పే పద్యం "చదివితి తండ్రీ" అని ముగుస్తుంది. స్తంభం ముందు "ఇందుగలడందు లేడని" పద్యంలో అదే తండ్రి "దానవాగ్రణి" అయిపోయాడు, దానవుల్లో మొదటివాడా అని. గౌరవం తగ్గలేదు, మాటా తూలలేదు, కానీ ఇంటి పిలుపు పోయి పదవి పిలుపు వచ్చింది. అటువైపు తండ్రి ఇప్పుడు "డింభక" అంటున్నాడు, అంటే 'పిల్లకాయా' అని. క్రియలు రెండువైపులా ఏకవచనమే కాబట్టి సర్వనామాలు మాత్రమే చూసేవాళ్లకి ఇదంతా కనిపించదు.

రామదాసు కీర్తన ఇంకా గట్టి ఉదాహరణ. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అని అడిగేశాక, అదే కీర్తనలో "అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు" అని బతిమాలతాడు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అంటాడు. ఏం గమనించాలంటే, 'తిరిగేవు' అని ఏకవచనం అన్నందుకు ఆయన క్షమాపణ అడగలేదు, అది ఆయనకి మామూలు. 'అబ్బ' అన్నందుకు అడిగాడు, ఎందుకంటే హద్దు దాటింది అక్కడ. ఏది మామూలు, ఏది తిట్టు అన్నది కవే చెప్పేశాడు. ఇంత సూటిగా చెప్పే చోట్లు తక్కువ, దొరికితే వదలకండి.

9. పాత ఉత్తరాలు చదివేవాళ్లకి

ఇంట్లో తాతల నాటి ఉత్తరాలుంటే వాటిలో మొదటి రెండు పంక్తులే పెద్ద సమాచారం. మ.రా.రా.శ్రీ అంటే మహారాజరాజశ్రీ, పెద్దమనుషులకి రాసేది, రాజులకే కాదు. చి. అంటే చిరంజీవి, చిన్నవాళ్లకి. చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి, చిన్నదైన సుమంగళికి. గం.భా.స. అంటే గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయిన స్త్రీకి. బ్ర.శ్రీ.వే. అంటే బ్రహ్మశ్రీ వేదమూర్తులు, వేదపండితులకి. 'ఉభయకుశలోపరి' అంటే ఇరువైపులా క్షేమమే, ఇక అసలు సంగతికి వస్తున్నాను అని. ఒకే మనిషికి రాసిన ఉత్తరాల్లో చి.ల.సౌ. పోయి గం.భా.స. వచ్చిందంటే, ఏం జరిగిందో ఉత్తరం లోపల రాయకపోయినా ఆ రెండు ఉత్తరాల తేదీల మధ్య వెతకండి.

10. ఇప్పటి తెలుగులోకి చెప్పేటప్పుడు

పిల్లలకి కథ చెప్తున్నా, పద్యానికి తాత్పర్యం రాస్తున్నా, 'నీవు'లన్నీ ఒక్కసారిగా 'మీరు' చేసేయకండి. భక్తుడు దేవుడితో అంటే 'నువ్వు' అలాగే ఉంచండి, ఇప్పటికీ మనం దేవుణ్ణి 'నువ్వే దిక్కు' అనే అంటాం. శిష్యుడు గురువుతో, మంత్రి రాజుతో అయితే 'మీరు' అనొచ్చు, అప్పుడే మూలంలో 'ఆనతిచ్చు', 'అవధరించు' మోసిన బరువు ఇప్పటివాళ్లకి చేరుతుంది. తండ్రీకొడుకులు, భార్యాభర్తలు అయితే మీ పట్టిక చూసుకోండి: మూలంలో ఇద్దరి పిలుపూ సమానంగా ఉంటే మీరూ సమానంగానే పెట్టండి, ఒకవైపు 'మీరు', ఇంకోవైపు 'ఏమే' పెట్టి లేని ఎచ్చుతగ్గులు తెచ్చిపెట్టకండి. 'తండ్రీ' కాస్తా 'దానవాగ్రణి' అయిన చోట మాత్రం రెండిటికీ 'నాన్నా' అని రాయకండి, మొదటిది 'నాన్నా' అయితే రెండోది 'రాక్షసరాజా' అనే ఉండాలి.